ఏనుగెక్కిన పెంగ్విన్!

గదంత శరీరం, కొండంత ఓపిక... మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్‌ది ఏనుగు వాటం. చిన్న యంత్రం మీద పుట్టి, ఎక్కడ పెడితే అక్కడ ఒదిగిపోయింది యునిక్స్. ఆ రెండింటికీ పడదని ఒకప్పుడు అంతా అనుకున్నారు. కానీ పడింది. ఎంతగా అంటే, యునిక్స్ పోలికలతో పుట్టిన లినక్స్ పెంగ్విన్ ఇవాళ దర్జాగా ఆ ఏనుగు మీదెక్కి ఊరేగుతోంది. కేసముద్రంలో డిగ్రీ చదివే కుర్రాడికి దాంతో ఏం పని అంటారా? పని ఉంది!

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో నెక్కొండకూ మహబూబాబాద్‌కూ మధ్య వస్తుంది కేసముద్రం. 2016 అక్టోబరు వరకూ వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. మిర్చి, మొక్కజొన్న, ధాన్యం బస్తాలతో కళకళలాడే మార్కెట్ యార్డు, ఊరిని ఆనుకుని రైల్వే స్టేషను. ఇలాంటి ఊళ్ల నుంచి డిగ్రీలు, బీటెక్‌లు పూర్తిచేసిన పిల్లలు రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్నుంచి అమీర్‌పేట బాట పట్టడం పాతికేళ్లుగా చూస్తున్నదే. మైత్రీవనం చుట్టుపక్కల గోడలనిండా బోర్డులు. ఓ బోర్డు మీద ‘మెయిన్‌ఫ్రేమ్స్: కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2’ అని ఉంటే, పక్కనే ఇంకోదాని మీద ‘యునిక్స్, షెల్ స్క్రిప్టింగ్’ అని ఉండేది. ఇందులో ఏది నేర్చుకోవాలి? ఇంటి దగ్గర నాన్న మిర్చి అమ్మిన డబ్బులో కొంత తీసిచ్చాడు. ఫీజు కట్టాక వెనక్కి రాదు. తప్పుడు కోర్సులో చేరితే డబ్బుతో పాటు ఏడాదీ పోతుంది. తెలిసిన అన్నను అడిగితే ‘మెయిన్‌ఫ్రేమ్ ముసలిదైపోయింది, వద్దు తమ్మీ’ అంటాడు. ఇంకో అన్నేమో ‘నేను దానిమీదే బతుకుతున్నా’ అంటాడు!

నిజానికి ఆ రెండు బోర్డులూ ఒకే యంత్రం గురించి కావచ్చని ఆ ఇద్దరు అన్నలూ చెప్పరు. ఆ కథే ఇది.

గూడ్సు బండి లాంటిది

ముందు ఈ ఏనుగు సంగతి. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ ‘సిస్టమ్/360’ అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అప్పటిదాకా ఒక మోడల్ కోసం రాసిన ప్రోగ్రాము ఇంకో మోడల్ మీద నడిచేది కాదు. యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మళ్లీ మొదటి నుంచీ రాసుకోవాల్సిందే. 360 వచ్చాక ఆ బాధ తప్పింది. చిన్నది కొన్నా పెద్దది కొన్నా ప్రోగ్రాము ఒకటే. జీన్ ఆమ్‌డాల్, ఫ్రెడ్ బ్రూక్స్ లాంటి మేధావులు దాని వెనక ఉన్నారు. ఆనాడు ఇచ్చిన మాటను ఐబీఎం ఇప్పటికీ తప్పలేదు. సిస్టమ్/370, 390, జెడ్ శ్రేణి... పేర్లు మారినా వంశం ఒకటే. తాతల నాటి ప్రోగ్రాములు మనవళ్ల యంత్రం మీద ఇంకా నడుస్తున్నాయి.

మరి మామూలు కంప్యూటర్‌కూ దీనికీ తేడా ఏమిటి? వేగం మాత్రమే కాదు. కేసముద్రం మీదుగా పోయే గూడ్సు బండిని చూడండి. పరుగులో అది ఎక్స్‌ప్రెస్‌తో పోటీపడదు. కానీ ఒక్క విడతలో అది మోసే సరుకును ఆటోల్లో తరలించాలంటే ఎన్ని వందల ఆటోలు కావాలి! మెయిన్‌ఫ్రేమ్ అలాంటిదే. లక్షల ఖాతాల లెక్కలు, డిస్కుల నుంచి వచ్చిపోయే సమాచారం... ఇదంతా మోయడానికే దాన్ని కట్టారు. సమాచారాన్ని తెచ్చిపెట్టే పనిని ప్రధాన ప్రాసెసర్ నెత్తిన వేయకుండా ‘ఛానెల్స్’ అనే ప్రత్యేక ఏర్పాటుకు అప్పజెప్పారు. వంటమనిషిని కట్టెలు తేవడానికి పంపకుండా పొయ్యి దగ్గరే ఉంచినట్టన్నమాట. ఒక భాగం పాడైతే పని అందుకోవడానికి అదనపు భాగాలు సిద్ధంగా ఉంటాయి. బ్యాంకులు, బీమా సంస్థలు, విమానయాన సంస్థలు దీన్ని నమ్ముకున్నది అందుకే.

పెద్దింట్లోంచి బయటికొచ్చి...

ఇక యునిక్స్. తమాషా ఏమిటంటే దీని పుట్టుకలోనూ ఓ మెయిన్‌ఫ్రేమ్ ఉంది. 1960లలో అమెరికాలోని ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి ‘మల్టిక్స్’ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ తలపెట్టాయి. జీఈ-645 అనే పెద్ద యంత్రం మీద ఒకేసారి ఎందరో పనిచేసుకునేలా చేయాలన్నది లక్ష్యం. పని సాగీ సాగక 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. ఆ జట్టులో పనిచేసిన కెన్ థాంప్సన్ మాత్రం ఊరుకోలేదు. ఓ మూల పడివున్న పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ మీద తనకు కావలసినంత మేరకు తనే ఓ చిన్న వ్యవస్థ రాసుకున్నాడు. డెనిస్ రిచీ తోడయ్యాడు. మల్టిక్స్ పేరుకు వెక్కిరింపుగా దీనికి యునిక్స్ అని పేరుపడింది.

అసలు మలుపు 1973లో వచ్చింది. రిచీ తయారుచేసిన ‘సి’ భాషలో యునిక్స్‌ను తిరగరాశారు. అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కువగా ఆ యంత్రపు సొంత భాషలోనే రాసేవారు. యంత్రం మారితే అది పనికిరాదు. ‘సి’లో రాస్తే? కొత్త యంత్రానికి ‘సి’ అనువాదకుణ్ని తయారుచేసుకుని, యంత్రాన్ని నేరుగా తాకే కొద్ది భాగం మార్చుకుంటే చాలు... మిగతాదంతా అలాగే ఎక్కించుకోవచ్చు. నారు ఒకచోట పోసి వేరే మడిలో నాటినట్టు!

అయితే ఈ నారును ఆ పెద్ద మడిలోనే నాటితే పోలా? సరిగ్గా ఈ ఆలోచనే వచ్చింది ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చదువుకుంటున్న టామ్ లయన్‌కు.

ఫారమా... ముచ్చటా?

1970ల మధ్యలో ప్రిన్స్‌టన్‌లో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఉండేది. దానిమీద ‘వీఎం/370’ నడిచేది. 1972లో వచ్చిన ఈ వీఎం ఓ గారడీ చేస్తుంది. ఒకే యంత్రాన్ని చాలా యంత్రాలుగా చూపిస్తుంది. ప్రతి ఒక్కరికీ తమకో సొంత మెయిన్‌ఫ్రేమ్ ఉన్నట్టే అనిపిస్తుంది. అలాంటి ఓ ఉత్తుత్తి యంత్రంలో యునిక్స్‌ను నడపడానికి పూనుకున్నాడు టామ్ లయన్. ఆ తర్వాత అతను ఆమ్‌డాల్ కంపెనీలో చేరాడు. 360 రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ 1970లో ఐబీఎంను వదిలి, ఐబీఎం ప్రోగ్రాములే నడిచే పోటీ యంత్రాలు తయారుచేయడానికి పెట్టిన కంపెనీ అది. అక్కడ ఈ ప్రయత్నం పక్వానికొచ్చి 1980ల మొదట్లో ‘యూటీఎస్’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

యూటీఎస్ అనగానే మన రైల్వే టికెట్లు గుర్తొస్తున్నాయా? అది వేరు, ఇది వేరు. కేసముద్రం స్టేషన్లో కౌంటర్‌ వెనక ఉండే యూటీఎస్ అంటే అన్‌రిజర్వ్‌డ్ టికెటింగ్ సిస్టమ్. ఆమ్‌డాల్ యూటీఎస్ అంటే యూనివర్సల్ టైమ్‌షేరింగ్ సిస్టమ్. పేరు ఒకటే, ఊళ్లు వేరు!

ఈ పని అనుకున్నంత తేలిక కాలేదు. కారణం అలవాట్లు. మెయిన్‌ఫ్రేమ్‌తో మాట్లాడే 3270 టెర్మినల్ తీరు తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఫారం లాంటిది. తెర మీద గళ్లన్నీ నింపి, చివర్లో ఒక్క మీట నొక్కితే మొత్తం ఒకేసారి వెళ్తుంది. అంతవరకూ మీరేం టైపుచేశారో పెద్ద కంప్యూటర్‌కు తెలీదు. యునిక్స్ అలా కాదు. దానిది చాయ్ హోటల్ ముచ్చట. ఒక్కో అక్షరం కొట్టగానే వినాలి, వెంటనే బదులివ్వాలి. లక్షలమంది ఫారాలు తీసుకోవడానికి తయారైన గుమస్తాను తీసుకొచ్చి ప్రతి ఒక్కరి మాటకూ ‘ఊ’ కొట్టమంటే ఎలా?

రెండో చిక్కు అక్షరాలది. యునిక్స్ పుట్టిపెరిగింది ‘ఆస్కీ’ పట్టికతో. అందులో ఇంగ్లిషు పెద్ద ‘ఏ’ అక్షరానికి సంఖ్య 65. ఐబీఎం వాడిన ‘ఎబ్సిడిక్’ పట్టికలో అదే అక్షరానికి 193. పైగా అక్కడ అక్షరాలు వరుసగా కూడా ఉండవు. ‘ఐ’ 201 అయితే, ఆ తర్వాతి ‘జే’ ఏకంగా 209. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రాములు అక్కడికొచ్చి బోర్లాపడేవి.

అయినా వదల్లేదు. బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల సాఫ్ట్‌వేర్ రాయడానికి 1980లలో ఐబీఎం తరహా మెయిన్‌ఫ్రేమ్‌ల మీదే యునిక్స్ నడిపారు. వేలమంది ప్రోగ్రామర్లు కలిసి రాసే పనికి చిన్న యంత్రాలు చాల్లేదు మరి. చివరికి ఐబీఎం కూడా దిగొచ్చింది. 1985లో ఐఎక్స్/370, 1990లో ఏఐఎక్స్/370 తెచ్చింది. కానీ అవి పెద్దగా అమ్ముడుపోలేదు. అదే పనికి సన్, హెచ్‌పీ లాంటి కంపెనీల చవక యునిక్స్ యంత్రాలు దొరుకుతుంటే ఏనుగును ఎవరు కొంటారు?

మన దగ్గర వేరే దారి

ఇదే కాలంలో మన దేశంలో కథ ఇంకోలా నడిచింది. విదేశీ కంపెనీలు వాటాలు తగ్గించుకోవాలన్న నిబంధన దగ్గర పేచీ వచ్చి, 1978లో ఐబీఎం భారత్ నుంచి వెళ్లిపోయింది. అది వదిలివెళ్లిన యంత్రాల బాగోగులు ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ చేతికొచ్చాయి. హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ అప్పటికే టీడీసీ-12 లాంటి సొంత కంప్యూటర్లు తయారుచేసింది. 1980లలో చిన్న చిప్‌లతో మనవాళ్లే కంప్యూటర్లు చేయడం మొదలుపెట్టాక వాటికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఏ యంత్రం మీదకైనా ఎక్కించుకోగల యునిక్స్ కళ్లెదురుగా ఉంది. బ్యాంకుల కంప్యూటరీకరణ మీద 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత బ్యాంకు శాఖల్లోకి వచ్చిన యంత్రాల్లో యునిక్స్ బాగానే చోటు సంపాదించింది.

అలా ఒక విచిత్రం జరిగింది. మన పిల్లలు ఇక్కడ నేర్చుకున్నది యునిక్స్. అమెరికాలో ఉద్యోగాలు ఎదురుచూస్తున్నది మెయిన్‌ఫ్రేమ్‌ల మీద! పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసుకున్నారు. 99 తర్వాత 00 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుందన్న భయం... అదే వైటూకే. కోట్ల వరుసల కోబాల్ ప్రోగ్రాములు తెరిచి సరిచేయాలి. ఎవరు చేస్తారు? అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ బోర్డులు వెలిసింది అప్పుడే. మెయిన్‌ఫ్రేమ్‌ను ఫొటోలో తప్ప చూడని కుర్రాళ్లు కూడా కోబాల్ నేర్చుకుని విమానాలెక్కారు. తెలుగు ఊళ్లలో ఎన్నో ఇళ్ల పైకప్పులు మారింది ఆ రెండంకెల పుణ్యమే.

2000 జనవరి 1 పెద్ద ప్రమాదాలేవీ లేకుండా గడిచింది. మరుసటి రోజు నుంచే మొదలైంది అసలు దిగులు. ‘ఇక మెయిన్‌ఫ్రేమ్ పని అయిపోయినట్టే’ అన్నారు అంతా. కానీ అప్పటికి రెండు వారాల కిందటే జర్మనీలో ఓ చిన్న సంగతి జరిగిపోయింది.

పెంగ్విన్ వచ్చింది

1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ యునిక్స్ పద్ధతిలో పనిచేసే ‘లినక్స్’ను మొదలుపెట్టాడు. యునిక్స్ నుంచి ఒక్క వరుస కూడా తీసుకోకుండా, దాని నడక మాత్రం నేర్చుకుని కొత్తగా రాశాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాని గుర్తు పెంగ్విన్. 1998లో లినాస్ వెప్‌స్టాస్ అనే ప్రోగ్రామర్ దీన్ని మెయిన్‌ఫ్రేమ్‌కు తెచ్చే పని ‘బిగ్‌ఫుట్’ పేరుతో మొదలుపెట్టాడు. మరోవైపు జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఐబీఎం ఇంజినీర్లు కూడా అదే పనిలో ఉన్నారు. 1999 డిసెంబరులో తాము రాసింది లోకానికి ఉచితంగా విడుదల చేశారు. దశాబ్దాలపాటు తన సరుకును గుట్టుగా దాచుకున్న కంపెనీ చేసిన పనేనా ఇది అని ఆశ్చర్యపోయారు జనం.

ఏం లాభం అన్నవాళ్లకు 2000 సంవత్సరమే జవాబు చెప్పింది. డేవిడ్ బోయిస్ అనే నిపుణుడు ఓ ప్రయోగం చేశాడు. ఒకే ఒక్క మెయిన్‌ఫ్రేమ్ మీద వీఎం సాయంతో ఎన్ని లినక్స్‌లు నడుస్తాయో చూద్దామని పెంచుకుంటూ పోయాడు. వంద... వెయ్యి... పదివేలు... చివరికి 41,400 దగ్గర ఆగాడు! ఒక్క పెట్టెలో 41,400 కంప్యూటర్లు ఉన్నట్టు లెక్క. ఇది ప్రయోగం కోసమే. అన్నిటికీ నిజమైన పని ఇస్తే అంత సంఖ్య కుదరదు. కానీ దారి దొరికింది. అదే ఏడాది స్వీడన్ టెలికాం సంస్థ టెలియా 70 యునిక్స్ సర్వర్ల పనిని ఒకే ఎస్/390 మెయిన్‌ఫ్రేమ్‌కు మార్చే నిర్ణయం తీసుకుంది.

ఇదెలా సాధ్యం? మార్కెట్ యార్డునే తీసుకోండి. ప్రతి అడ్తిదారూ సొంతంగా ఓ యార్డు కట్టుకుని, సొంత కాంటా, సొంత హమాలీలను పెట్టుకున్నాడనుకుందాం. ఒకరి దగ్గర బస్తాలు గుట్టలుగా పడివున్న వేళ ఇంకొకరి హమాలీలు చెట్టుకింద కూర్చుని ఉంటారు. అందరూ ఒకే యార్డులో ఉంటే? ఎవరి దుకాణం వారిదే, ఎవరి గల్లా వారిదే. కానీ పని ఎటు ఎక్కువుంటే హమాలీలు అటు వెళ్తారు. విడివిడి సర్వర్లు చాలాసేపు ఖాళీగా ఉంటాయి. అయినా కరెంటు తాగుతుంటాయి, చోటు ఆక్రమిస్తాయి. మెయిన్‌ఫ్రేమ్‌లో వీఎం అనే యార్డు పెద్ద ప్రాసెసర్ సమయాన్ని అవసరాన్నిబట్టి పంచుతుంది. ఒకరి గల్లాలో ఇంకొకరు చేయి పెట్టకుండా కాపలా కూడా కాస్తుంది.

ఇందులో ఇంకో కిటుకుంది. మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్‌కు యంత్రం సత్తానుబట్టి అద్దె కడతారు. లినక్స్ కోసం ప్రాసెసర్లు పెంచితే ఆ అద్దె కూడా పెరగాలి. అందుకే ఐబీఎం 2000లో ‘ఐఎఫ్ఎల్’ పేరుతో లినక్స్‌కు మాత్రమే కేటాయించే ప్రాసెసర్లు తెచ్చింది. అవి అద్దె లెక్కలోకి రావు. సాంకేతికత ఎంత గొప్పదైనా బిల్లు తగ్గకపోతే కొనేవాడు కదలడు కదా!

ఇంట్లోనే ఇంకో యునిక్స్

పెంగ్విన్ బయట నుంచి వచ్చిన అతిథి. దానికంటే ముందే మెయిన్‌ఫ్రేమ్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా యునిక్స్ మాటలు నేర్చేసుకుంది. 1993లో ‘ఓపెన్ ఎడిషన్’ పేరుతో ఎంవీఎస్‌కు యునిక్స్ ఆదేశాలు, ఫైళ్ల పద్ధతి జోడిస్తున్నట్టు ఐబీఎం ప్రకటించింది. 1996కల్లా దాని వారసుడు ఓఎస్/390కి అధికారికంగా యునిక్స్ ముద్ర దక్కింది. అంటే పరీక్షలన్నీ పాసై ‘ఇదీ యునిక్సే’ అనిపించుకుందన్నమాట. ఇవాళ్టి జెడ్/ఓఎస్‌లో అది ‘యునిక్స్ సిస్టమ్ సర్వీసెస్’ పేరుతో ఉంది. జావా ప్రోగ్రాములు, వెబ్ సర్వర్లు నడిచేది దాని ఆసరాతోనే. ఒక పక్క కోబాల్ బ్యాంకు లెక్కలు చూస్తుంటే, అదే చూరు కింద ఇంకో పక్క యునిక్స్ మనుషులు ఫోన్ యాప్‌లకు జవాబిస్తుంటారు. కాబట్టి యునిక్స్ పొడ తెలియకుండా మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగం పూర్తిగా చేయడం కష్టం. అమీర్‌పేట గోడ మీద విడివిడిగా కనిపించిన రెండు బోర్డులూ నిజానికి ఎప్పుడో వియ్యమందుకున్నాయి.

పీఠం మీద మనవాడు

ఈ కథలో తెలుగువాడి పాత్ర కోబాల్ దగ్గరే ఆగిపోలేదు. 2020 ఏప్రిల్‌లో ఐబీఎం సీఈవో అయిన అరవింద్ కృష్ణ పుట్టింది పశ్చిమగోదావరి జిల్లాలో, తెలుగు కుటుంబంలో. తండ్రి సైన్యంలో అధికారి. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్, అమెరికాలోని ఇలినాయ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి 1990లో ఐబీఎంలో చేరారు. లినక్స్ వ్యాపారంలో పేరున్న రెడ్‌హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు కొనేందుకు ఐబీఎం 2018లో సిద్ధపడినప్పుడు, ఆ నిర్ణయం వెనకున్న ముఖ్యుల్లో ఆయనొకరు. 2019 జులైలో కొనుగోలు పూర్తయింది. ఏనుగును పెంచిన కంపెనీ పెంగ్విన్ మీద పెట్టిన పెట్టుబడి అది. అంతకుముందే, 2015లో, లినక్స్ మాత్రమే నడిచే ‘లినక్స్‌వన్’ మెయిన్‌ఫ్రేమ్‌లు తెచ్చింది. ఈ వంశంలో 2022లో జెడ్16, 2025లో జెడ్17 వచ్చాయి. ‘చచ్చిపోయింది’ అన్న మాట పాతికేళ్లుగా వింటూనే ఏనుగు కొత్త పిల్లల్ని కంటోంది!

అలాగని అన్నిటికీ ఇదే మందు కాదు. ధర సామాన్యం కాదు. అమ్మేది ఒక్క కంపెనీ. రేపు రేటు పెంచినా కట్టాల్సిందే. మామూలు పీసీ కోసం తయారైన లినక్స్ ప్రోగ్రామును తెచ్చి పెడితే నేరుగా నడవదు, ఈ ప్రాసెసర్ కోసం మళ్లీ తయారుచేయాలి. గూగుల్ లాంటి సంస్థలు ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టాయి. వేలకువేలు చవక యంత్రాలు పెట్టుకుని, ఒకటి పోతే ఇంకోటి పనిచేసేలా సాఫ్ట్‌వేర్ రాసుకున్నాయి. మన రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ కూడా మెయిన్‌ఫ్రేమ్ దారిలో వెళ్లలేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ యంత్రాల మీద వీఎంఎస్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పెరిగింది.

ఏ దారైనా అసలు ప్రశ్న ఒకటే... ఒకచోట తెగితే ఏమవుతుంది? ఆ ప్రశ్న కేసముద్రానికి కొత్తది కాదు. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి. ఉత్తర దక్షిణాలను కలిపే మార్గం ఆ కొద్ది గజాల దగ్గర తెగి, ఎన్నో రైళ్లు రద్దయ్యాయి, ఎన్నో దారి మళ్లాయి. బ్యాంకుల లెక్కలు నడిచే యంత్రం దగ్గర అలాంటి తెగుడు కొన్ని నిమిషాలైనా భరించలేరు. ప్రాసెసర్ తప్పు చేస్తే తనే గమనించి ఆ లెక్కను మళ్లీ చేయడం, అవసరమైతే పక్క ప్రాసెసర్‌కు పని అప్పజెప్పడం లాంటి జాగ్రత్తలు ఏనుగు ఒంట్లోనే ఉన్నాయి. లినక్స్ ఆ ఒంటి మీదెక్కిందంటే ఆ జాగ్రత్తల్లో తనకూ వాటా దొరికినట్టే.

మన లాప్‌టాప్‌లో మెయిన్‌ఫ్రేమ్

ఇదంతా సరే, కేసముద్రంలో కూర్చున్న విద్యార్థి మెయిన్‌ఫ్రేమ్‌ను ఎక్కడ చూడాలి? అమీర్‌పేట తరం దాన్ని నోట్సులోనే ఎక్కువ చూసింది. ఇప్పుడా అవసరం లేదు. 1999లో రోజర్ బౌలర్ అనే ఆయన ‘హెర్క్యులిస్’ అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. ఇది మామూలు పీసీలో మెయిన్‌ఫ్రేమ్‌లా నటిస్తుంది. ప్రాసెసర్, డిస్కులు, టేపులు, టెర్మినళ్లు... అన్నీ ఉత్తుత్తివే. కానీ లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ సంగతి తెలియదు. నిజమైన ఏనుగు మీదే ఉన్నాననుకుంటుంది! హెర్క్యులిస్ ఉచితం. దానిమీద నడిపేందుకు డెబియన్ లాంటి సంస్థలు తయారుచేసిన మెయిన్‌ఫ్రేమ్ లినక్స్ కూడా ఉచితమే. ఓపిక ఉంటే 1970ల నాటి ఎంవీఎస్‌ను కూడా నడిపి చూడొచ్చు.

ఒక హెచ్చరిక. ఇప్పటి జెడ్/ఓఎస్‌ను ఇలా నడపడానికి ఐబీఎం లైసెన్సు లేదు. ‘మా దగ్గర కాపీ ఉంది, నేర్పిస్తాం’ అన్నవాళ్ల జోలికి పోకపోవడమే మంచిది. నిజమైన యంత్రం మీద చేయి పెట్టాలంటే సక్రమమైన దారులున్నాయి. విద్యార్థుల కోసం ఐబీఎం ‘జెడ్ ఎక్స్‌ప్లోర్’ పేరుతో ఇంటర్నెట్‌లో ఉచిత పాఠాలు నడుపుతోంది. దూరాన ఉన్న అసలు మెయిన్‌ఫ్రేమ్‌తోనే అభ్యాసాలు చేయిస్తుంది.

కోర్సులో చేర్పించే ముందు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. అభ్యాసానికి యంత్రం ఇస్తారా, నోట్సు మాత్రమేనా? ఇస్తే దాని లైసెన్సు ఎవరిది? కోబాల్, జేసీఎల్‌తో పాటు యునిక్స్ సర్వీసులు, లినక్స్ కూడా చెబుతారా? మూడో ప్రశ్నకు ‘అది వేరే కోర్సు’ అని జవాబొస్తే కాస్త ఆలోచించుకోవాలి. పిల్లలు కూడా ఫీజు కట్టే ముందు ఇంట్లో ఓ నెలపాటు లినక్స్ ఆదేశాలు నేర్చుకుని చూసుకోవాలి. ఆ నెల ఖర్చు సున్నా. ఇష్టం ఉందో లేదో తేలిపోతుంది. ఎటు వెళ్లినా ఆ చదువు వృథా పోదు కూడా. ఎందుకంటే అవే ఆదేశాలు చిన్న సర్వర్ మీదా, పెద్ద క్లౌడ్‌లోనూ, మెయిన్‌ఫ్రేమ్ మీదా పనిచేస్తాయి. యాభై ఏళ్ల కిందట యునిక్స్‌ను ‘సి’లో రాసినవాళ్లు కోరుకున్నదీ అదే... యంత్రం మారినా మనిషి నేర్చుకున్నది మారకూడదని.

హెర్క్యులిస్‌లో లినక్స్ మేల్కొన్నాక ‘యూనేమ్’ ఆదేశంతో యంత్రం పేరడిగి చూడండి. ‘ఎస్390ఎక్స్’ అని బదులిస్తుంది. 1964 నుంచీ వస్తున్న వంశం పేరు అది! అక్కడే ఓ ఫైలు తెరిచి తెలుగులో ‘కేసముద్రం’ అని రాసి దాచుకోండి. ఎబ్సిడిక్ పాత పట్టికలో మన అక్షరాలకు చోటు లేదు. యూనికోడ్ నేర్చిన లినక్స్ మాత్రం కొమ్ముతో సహా తప్పు లేకుండా తిరిగి చూపిస్తుంది. ఏనుగుకు తెలుగు నేర్పింది పెంగ్విన్!